ఆ తెల్లవారుజాము తలనొప్పి చలి వల్ల వచ్చినది కాదు

కావలి దగ్గరి ఒక పల్లె నుంచి ఒక ఇల్లాలు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు రాయవద్దన్నారు. ఉత్తరం పొడవుగా ఉంది కాబట్టి ముఖ్యమైన సంగతులు నా మాటల్లో చెబుతాను.

ఆమె భర్తకు యాభై నాలుగేళ్లు. ఇరవై ఏళ్లకు పైగా రొయ్యల చెరువులు చేశారు. రెండేళ్ల కిందట కౌలు చెరువులు వదిలేసి, చేతికి వచ్చిన డబ్బులో కొంత పెట్టి 2016 నాటి పాత ట్రావెలర్ వ్యాను కొన్నారు. నెల్లూరులో ఒక బాడీ షెడ్డులో నాలుగు నెలలు దగ్గరుండి దాన్ని క్యాంపర్‌గా మార్పించుకున్నారు. రాత్రికి మంచాలయ్యే రెండు బల్లలు, గిన్నెలు కడిగే తొట్టి, అరవై లీటర్ల నీళ్ల ట్యాంకు, గ్యాసు పొయ్యి, ఇంటి సిలిండరు, పైన సోలార్ పలక, 150 ఆంపియర్ల బ్యాటరీ. అన్నీ మన ఎండలను తలచుకుని చేయించినవే. మైపాడు, ఉదయగిరి, శ్రీశైలం తిరిగినప్పుడు ఇబ్బంది రాలేదు.

కిందటి డిసెంబరులో లంబసింగి వెళ్లారు. భార్యాభర్తలు, ఇంజినీరింగ్ చదువుతున్న కూతురు, డెబ్బై ఒకటేళ్ల అత్తగారు. ఆవిడకు రక్తపోటు, కొద్దిగా ఆయాసం ఉన్నాయి. మొదటి రాత్రి చలికి ఎవరూ నిద్రపోలేదు. పైకప్పు నుంచి నీటి చుక్కలు రాలి దుప్పట్లు తడిసిపోయాయి. రెండో రాత్రి అద్దాలన్నీ బిగించి, సందుల్లో గుడ్డలు కుక్కి, పొయ్యి సన్నగా వెలిగించి గంటన్నర ఉంచారు. తెల్లవారుజామున నాలుగింటికి కూతురు లేచి బయటికి వెళ్లి వాంతి చేసుకుంది. ఈమెకు తల పగిలిపోతున్నట్టు ఉంది. భర్తకూ అంతే. అత్తగారు మాత్రం రాత్రి రెండుసార్లు "గాలి ఆడటం లేదు" అంటూ తలుపు తీశారట. చలి లోపలికి వస్తోందని కొడుకు విసుక్కున్నారట. బయట తిరిగి టీ తాగాక, పది గంటలకల్లా అందరికీ తలనొప్పి తగ్గింది. "చలికి తల పట్టేసింది" అని సర్దుకుని తిరిగి వచ్చారు.

ఇప్పుడు ఆయన సంక్రాంతి కాగానే అదే వ్యానులో మనాలి వెళ్దామంటున్నారు. చలికి గ్యాసు హీటరు కొనుక్కోమని ఒక స్నేహితుడు, బొగ్గుల కుంపటి చాలని ఇంకొకరు సలహా ఇచ్చారు. ఈమె వద్దంటే గొడవ. "ఇరవై ఏళ్లు చెరువు గట్టు మీద నిద్ర కాచాను, ఒక్కసారి మంచు చూస్తానంటే నీకు భయం" అంటారట. బదరీ యాత్రకు వెళ్లాలనుకుని వెళ్లలేకపోయిన అత్తగారు కూడా కొడుకు వైపే ఉన్నారు. కూతురు ఒకసారి కరెంటు హీటరు మాట ఎత్తింది తప్ప, వెళ్దామా వద్దా అన్నదాని మీద ఏమీ మాట్లాడదు. ఉత్తరం చివర ఆమె అడిగిన ప్రశ్న ఇది: "నేను నిజంగా పిరికిదాన్నా? గట్టిగా వద్దని చెప్పనా, నోరు మూసుకుని వెళ్లనా?"

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు గొడవ గురించి ఎక్కువ రాశారు, తలనొప్పి గురించి మూడు వాక్యాలే రాశారు. నాకు మాత్రం ఆ మూడు వాక్యాల దగ్గరే గుండె ఆగినంత పనైంది. ముందు అదే మాట్లాడుకుందాం.

ఆ రాత్రి మీకు వచ్చింది చలి తలనొప్పి అని నేను అనుకోవడం లేదు. మూసిన చోట పడుకున్న ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, ఒకరికి వాంతి, బయటి గాలి తగలగానే క్రమంగా తగ్గడం. ఇవి కార్బన్ మోనాక్సైడ్ పట్టినప్పుడు కనిపించే లక్షణాలు. మంటకు గాలి చాలినప్పుడు నీలంగా శుభ్రంగా మండుతుంది. మూసిన పెట్టెలాంటి చోట నిమిషనిమిషానికీ ప్రాణవాయువు తగ్గుతుంది, మంట సరిగా మండదు, ఈ విషవాయువు పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థాన్ని అది ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవారికి మేలుకోవాలన్న సూచన కూడా అందదు. పొయ్యి ఆపేసినంత మాత్రాన లోపలి గాలి బాగుపడదు, అది మారితేనే బాగుపడుతుంది. మీరు పొయ్యి ఆపి, అదే గాలిలో పడుకున్నారు.

మీ అత్తగారు తలుపు తీయడం వల్ల ఆ రాత్రి మీ అందరి ప్రాణాలు నిలిచి ఉండవచ్చు. ఆయాసం ఉన్న మనిషి కాబట్టి గాలి తేడా ఆవిడకు ముందు తెలిసి ఉండవచ్చు. విసుక్కున్న మాట ఆవిడ మనసులో ఉండిపోయి ఉంటుంది. మీ వారు ఒకసారి తల్లి దగ్గర కూర్చుని ఆ సంగతి చెబితే బాగుంటుంది.

నేను భయపెట్టడానికి రాయడం లేదు. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో కేరళ నుంచి విహారయాత్రకు వెళ్లిన ఎనిమిది మంది, అందులో నలుగురు పిల్లలు, రాత్రి ఒకే గదిలో గ్యాసు హీటరు వెలిగించుకుని పడుకుని తెల్లారేసరికి లేవలేదు. వారు కూడా మనలాగే వెచ్చటి సముద్రతీరం నుంచి వెళ్లినవారు. చలి అలవాటు లేనివాళ్లం కాబట్టి మనకు ముందు తోచేది తలుపులు బిగించడం, మంట వెలిగించడం. అక్కడే ప్రమాదం.

కాబట్టి మీ ప్రశ్నకు మొదటి జవాబు: మీరు పిరికివారు కారు. ఆ రాత్రి మీ ఒంటికి తెలిసినదాన్ని మీ మనసు మరిచిపోలేదు, అంతే. ప్రయాణం గురించి తర్వాత రెండు మూడు దారులు చెబుతాను, వాటిలో ఏదైనా మీరు ఎంచుకోవచ్చు. కానీ పడుకునే చోట మంట విషయంలో ఎంచుకోవడానికి ఏమీ లేదు. గ్యాసు పొయ్యి, గ్యాసు హీటరు, కుంపటి, సన్నగా ఒక్క పది నిమిషాలు, ఏదీ వద్దు. వీటిలో కుంపటి మరీ దారుణం. పొగ పోయి, ఎర్రగా నిప్పు మాత్రమే మిగిలి, ఇక ఏ భయమూ లేదనిపించే సమయంలోనే అది విషవాయువును ఎక్కువగా వదులుతుంది. ఇంజను ఆన్ చేసి ఉంచి పడుకోవడమూ అంతే. మంచు కురిసి సైలెన్సర్ గొట్టం మూసుకుపోతే ఆ పొగ మీ కిందికే చేరుతుంది.

ఇది మీ వారికి ఎలా చెప్పాలన్నదే మీ అసలు కష్టం. నా ఆలోచన చెబుతాను. ఆయనకు గాలి సంగతి నేర్పవలసిన పని లేదు. ఇరవై ఏళ్లు రాత్రిపూట ఆయన చేసిన కాపలా దాని కోసమే. చెరువులో రొయ్య ఎప్పుడు పైకి తేలుతుంది? తెల్లవారుజామున. రాత్రంతా నాచు, రొయ్య అన్నీ నీళ్లలోని ప్రాణవాయువునే వాడుకుంటాయి, చెరువుల వారు డీఓ అనేది అదే, అది తెల్లవారేముందు అన్నిటికంటే కిందికి పడిపోతుంది. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతే పంట మొత్తం పోతుందని ఆయన ఎన్ని రాత్రులు జనరేటరు పక్కనే పడుకుని ఉంటారో. ఆ వ్యాను కూడా అలాంటి చెరువే. మూసిన అద్దాలు, నలుగురి ఊపిరి, పైగా ఒక మంట. నాలుగింటికి మీ అమ్మాయి లేవడం, ఆయన చెరువులో రొయ్య తేలే వేళ, ఒక్కటే. "నాకు భయంగా ఉంది" అంటే ఆయన మీ భయంతో వాదిస్తారు. "మన వ్యానులో ఏరియేటరు ఏది?" అని అడిగి చూడండి. ఆ ప్రశ్నకు ఆయన తప్పక ఆలోచిస్తారు.

ఏరియేటరు అంటే ఇక్కడ రెండు సందులు. కింద ఒకటి, పైన ఒకటి, ఎంత చలిగా ఉన్నా రాత్రంతా తెరిచి ఉండాలి. పైకప్పు ఫ్యాను మూత రెండు వేళ్ల మందం ఎత్తి ఉంచండి, మంచాలకు దూరంగా ఉన్న ఒక అద్దం కొద్దిగా జరిపి ఉంచండి. గుడ్డలు కుక్కవద్దు. దానితోపాటు కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టి కూతపెట్టే చిన్న అలారం ఒకటి తప్పనిసరి. అది పడుకున్నప్పుడు తల ఉండే ఎత్తులో ఉండాలి. గ్యాసు లీకును పట్టే అలారం వేరు. వంటగ్యాసు గాలి కంటే బరువు, నేల మీద పేరుకుంటుంది కాబట్టి దాన్ని కింద పెట్టాలి. రెండూ ఒకటే అనుకుని ఒక్కటి కొని తృప్తిపడేవారు చాలామంది.

ఇక చుక్కలు రాలిన సంగతి. ఆ నీళ్లు ఆకాశం నుంచి రాలేదు, మీ నలుగురి నుంచే వచ్చాయి. ఒక్కో మనిషి ఊపిరి, చెమట కలిపి రాత్రికి పావు లీటరు నుంచి అర లీటరు దాకా తేమ వదులుతారు. నలుగురికీ కలిపి లీటరు నుంచి రెండు లీటర్ల దాకా అనుకోండి. గ్యాసు మండినా నీళ్లే పుడతాయి, కిలో గ్యాసుకు సుమారు ఒకటిన్నర కిలోకు పైగా. అందుకే పొయ్యి వెలిగించిన రెండో రాత్రి లోపల ఇంకా తడిగా ఉండి ఉంటుంది. ఆ తేమంతా చల్లటి ఇనుప రేకు తగలగానే నీరై రాలింది. తడిసిన దుప్పటి వెచ్చదనాన్ని ఇవ్వదు. అందుకే నా అనుభవంలో, వ్యానులో చలిని ఓడించడమంటే సగం తేమను ఓడించడమే. ఇక్కడా మందు అదే, గాలి కదలాలి. చలిలో కిటికీ తీసి ఉంచితే వెచ్చగా పడుకోవచ్చంటే మీ ఇంట్లో ఎవరూ నమ్మకపోవచ్చు. పొడిగా ఉన్న చల్లగాలి, తడిగా ఉన్న వెచ్చగాలి కంటే ఎంతో సుఖం. వంట బయట చేసుకోండి, తడి బట్టలు లోపల ఆరేయవద్దు, పరుపు కింద గాలి ఆడేలా చెక్క పట్టీలు వేయించండి. లేకపోతే పరుపు అడుగున బూజు పడుతుంది.

చలి ఎక్కడి నుంచి వస్తుందో వరుసగా చూస్తే ముందు అద్దాలు, తర్వాత డ్రైవరు క్యాబిన్, తర్వాత నేల, పైకప్పు. గోడలకే డబ్బంతా ఖర్చు పెట్టి అద్దాలను మరిచిపోయేవారిని చూశాను. ఒక్కో కిటికీకి అట్టముక్కతో కొలత తీసి, వెండిరంగు బుడగల షీటును రెండు పొరలుగా కత్తిరించి, అంచులకు గుడ్డ కుట్టించి, అద్దానికి లోపలివైపు బిగుతుగా ఇమిడేలా చేయించండి. మీ ఊరి దర్జీ ఒక్క రోజులో కుట్టిస్తాడు. క్యాబిన్‌కు, పడుకునే చోటుకు మధ్య మందపాటి తెర కావాలి. నేల మీద పిల్లల బడుల్లో పరిచే రబ్బరు చాపలు చాలు. పైకప్పు రేకు కింద థర్మోకోల్ పెట్టించి ఉంటే, రేకుకూ దానికీ మధ్య ఖాళీ ఉందేమో చూడండి. ఉంటే తేమ అక్కడ చేరి తుప్పు పట్టిస్తుంది. ఏసీ గొట్టాలకు చుట్టే నల్లటి నైట్రైల్ రబ్బరు షీటు రేకుకు పూర్తిగా అంటుకుంటుంది, తేమకు సందు ఇవ్వదు. ఈ ఖర్చు మనాలికి మాత్రమే కాదని మీ వారికి చెప్పండి. వేడిని లోపలి నుంచి బయటికి పోనివ్వని పొర, రోహిణి కార్తెలో బయటి వేడిని లోపలికి రానివ్వదు కూడా. మన జిల్లాలో ఆ వ్యానుకు అదే ఎక్కువ పని.

ఇంత చేసినా మనాలి జనవరి రాత్రికి అది చాలదు. అక్కడ ఆ నెలలో రాత్రుళ్లు సున్నా కిందికి పోవడం మామూలే. అప్పుడు కావలసింది డీజిల్ హీటరు. ఇదీ మంటే కదా అని మీరు అడుగుతారు. తేడా ఉంది. దాని మంట మూసిన ఇనుప గదిలో మండుతుంది, మండడానికి గాలిని నేల కింది గొట్టంతో బయటి నుంచే తీసుకుంటుంది, పొగను ఇంకో గొట్టంతో బయటికే వదులుతుంది. మీరు పీల్చే గాలి ఆ గది చుట్టూ తిరిగి వేడెక్కి వస్తుంది, మంటను తాకదు. మీ వ్యాను సైజుకు రెండు కిలోవాట్లది చాలు. రాత్రికి లీటరు, రెండు లీటర్ల డీజిల్ తాగుతుంది, మీ బ్యాటరీకి అది పెద్ద భారం కాదు. అయితే బిగించడంలోనే ప్రాణం ఉంది. పొగ గొట్టం చివర తలుపు కింద గానీ తెరిచి ఉంచే కిటికీ కింద గానీ రాకూడదు, కీళ్లు బిగుతుగా ఉండాలి, వేడి గొట్టం ప్లైవుడ్‌కు తగలకూడదు. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడి ఇవి మసి పడతాయి. కొనేముందు ఎంత ఎత్తు వరకు పనిచేస్తుందో కాగితం మీద చూపించమనండి. మనాలి రెండు వేల మీటర్లకు కొంచెం పైన ఉంది. హీటరు ఉన్నా అలారం, రెండు సందులు ఉండవలసిందే.

కరెంటు హీటరు పెట్టుకుందామని మీ అమ్మాయి అన్నదని రాశారు. తనకు లెక్క వచ్చు కాబట్టి తననే వేయమనండి. 150 ఆంపియర్ల పన్నెండు వోల్టుల బ్యాటరీలో మొత్తం 1800 వాట్-అవర్లు. సీసపు బ్యాటరీని సగానికి మించి దించకూడదు, అంటే 900. వెయ్యి వాట్ల హీటరు దానిమీద ఒక గంట కూడా తిరగదు. పైగా చలిలో బ్యాటరీ శక్తి ఇంకా తగ్గుతుంది. ప్లగ్గు ఇచ్చే చోట బండి ఆపినప్పుడు మాత్రమే అది పనికొస్తుంది. దానికి బదులు పడుకునే ముందు రబ్బరు సంచుల్లో వేడినీళ్లు పోసి కాళ్ల దగ్గర పెట్టుకోండి. ఇది చిన్న మాటలా ఉంటుంది, కానీ మీ అత్తగారికి అన్నిటికంటే ఎక్కువ సుఖమిచ్చేది అదే. ఒంటికి తగిలే పొర నూలుది కాకుండా ఉన్నిదైతే మంచిది. నూలు చెమటను పట్టుకుని చల్లగా మారుతుంది.

బండి విషయానికి వస్తే, మార్గశిరంలో పొద్దున్నే మీ ఇంట్లో కొబ్బరినూనె సీసాలో ఎలా పేరుకుంటుందో చూశారు కదా. డీజిల్‌లోనూ మైనం ఉంటుంది, గట్టి చలిలో అదీ అలాగే పేరుకుని ఫిల్టరును మూసేస్తుంది. నెల్లూరు వేడికి సరిపోయే డీజిల్ కొండ మీద సరిపోకపోవచ్చు. లద్దాఖ్ కోసం 2019లో ఇండియన్ ఆయిల్ మైనస్ 33 డిగ్రీల వరకు గడ్డకట్టని ప్రత్యేక డీజిల్‌ను తెచ్చిందంటేనే ఇదెంత నిజమైన ఇబ్బందో తెలుస్తుంది. మీకు అంతదాకా అవసరం లేదు. కొండ ఎక్కేసరికి ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యేలా చూసుకుని, పైనున్న బంకుల్లో నింపుకోండి, రాత్రి ట్యాంకు నిండుగా ఉండనివ్వండి. కిరోసిన్ కలపమని పాత డ్రైవర్లు ఎవరైనా చెబితే వినవద్దు. బయలుదేరే ముందు డీజిల్ ఫిల్టరు కొత్తది వేయించండి. రేడియేటరులో మన వైపు చాలామంది ఉత్త నీళ్లు పోసి తిప్పుతారు. అది గడ్డకడితే ఇంజను దిమ్మే పగులుతుంది. సగం కూలెంటు, సగం శుద్ధమైన నీళ్లు ఉండాలి.

మీ అరవై లీటర్ల ట్యాంకు సంగతీ అంతే. నీరు గడ్డకడితే దాదాపు తొమ్మిది శాతం పెరుగుతుంది, గొట్టాలు, చిన్న పంపు పగిలిపోతాయి. నాకు ఒకసారి జరిగింది. పొద్దున్నే కరిగేదాకా పగిలిన సంగతే తెలియలేదు, తర్వాత బల్ల కింద ఉన్నదంతా తడిసిపోయింది. చలి ప్రాంతంలోకి వెళ్లేముందు ట్యాంకు, గొట్టాలు పూర్తిగా దించేసి, కుళాయిలు తెరిచి వదిలేయండి. ఇరవై లీటర్ల క్యాను ఒకటి లోపల పెట్టుకుంటే చాలు. గ్యాసు కూడా చలికి మొరాయిస్తుంది. మన వంటగ్యాసులో ఎక్కువగా ఉండే బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి ఆవిరి కావడం దాదాపు మానేస్తుంది. సిలిండరు నిండా ఉన్నా మంట సరిగా రాదు. అప్పుడు దాన్ని వేడిచేద్దామని ఎవరైనా బయలుదేరతారు. దయచేసి వద్దు. అసలు ఇంటి పెద్ద సిలిండరును వ్యానులో మోయడమే నాకు నచ్చని పని. చిన్నది, నిలువుగా బిగించి కట్టినది, పొయ్యి బయట పెట్టి వాడుకునేది ఉండాలి.

మీరు అడగనిది ఒకటి నేను అడుగుతాను. సీట్లు తీసి బల్లలు వేయించిన మార్పు ఆర్‌సీలో ఎక్కించారా? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిని ఇలా మార్చాలంటే రవాణా శాఖ అనుమతి ఉండాలి. లేకపోతే ఇన్ని రాష్ట్రాలు దాటే దారిలో ఎక్కడైనా ఆపవచ్చు. అంతకంటే ముఖ్యంగా ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేయవచ్చు. ఇది ఈ నెలలోనే తేల్చుకోండి.

ఇప్పుడు ప్రయాణం. నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి.

మొదటిది మీ వారు కోరుతున్నదే, సంక్రాంతి తర్వాత మనాలి. పైన చెప్పినవన్నీ చేయించడానికి సమయం ఉంది, ఖర్చు మాత్రం తక్కువ కాదు. అయితే జనవరి ప్రయాణంలో మీరెవరూ ఊహించని ప్రమాదం మనాలిలో కాదు, దానికి ముందు ఉంది. మీ ఊరి నుంచి మనాలికి సుమారు రెండున్నర వేల కిలోమీటర్లు. ఆ దారిలో ఆగ్రా దాటిన దగ్గర నుంచి హర్యానా, పంజాబ్ మైదానాల్లో జనవరిలో పొగమంచు ఎంత దట్టంగా ఉంటుందంటే ముందున్న లారీ వెనక దీపం కూడా కనిపించదు. మన జాతీయ రహదారి మీద ఎంత అనుభవం ఉన్నా ఆ గుడ్డితనంలో అది పనికిరాదు. ఈ దారి ఎంచుకుంటే పొద్దున పది తర్వాత, సాయంత్రం లోపు మాత్రమే నడపాలన్న నియమం పెట్టుకోండి, రెండు మూడు రోజులు ఎక్కువ చేతిలో ఉంచుకోండి. మనాలి పైన మంచు పడ్డాక నాలుగు చక్రాలూ లాగే బండ్లను, గొలుసులు కట్టిన బండ్లను మాత్రమే పంపిస్తుంటారు. రోడ్డు మీద అద్దంలాంటి, కంటికి కనిపించని పలుచటి మంచు పొర ఉంటుంది, బ్రేకు వేస్తే బండి జారుతుంది. కాబట్టి వ్యానును మనాలిలోనే ఉంచి, పైకి స్థానికుల టాక్సీలో వెళ్లండి. 2020 అక్టోబరులో తెరిచిన అటల్ సొరంగం తొమ్మిది కిలోమీటర్లు దాటితే లాహౌల్ లోయ, సిస్సు వస్తాయి. చూసి సాయంత్రానికి దిగి రావచ్చు. రాత్రి బండిని హ్యాండ్ బ్రేకు మీద కాకుండా గేరులో ఉంచి, చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టండి. తడిసిన బ్రేకు తీగ పొద్దున్నకు బిగుసుకుపోతుంది.

రెండోది మార్చి రెండో సగం, ఏప్రిల్ మొదటి వారం. పొగమంచు ఉండదు. మనాలి ఊళ్లో మంచు కరిగిపోయి ఉండవచ్చు, కానీ సొరంగం అవతల, ఎత్తు ప్రదేశాల్లో సాధారణంగా మంచు ఇంకా ఉంటుంది. రాత్రుళ్లు చలిగానే ఉంటాయి, అయినా జనవరి అంత కాదు. కిటికీల షీట్లు, గాలి సందులు, మంచి రజాయిలు ఉంటే హీటరు లేకుండా కూడా గడిచిపోవచ్చు, అంటే డబ్బు తగ్గుతుంది. లోటు ఏమిటంటే మీ వారు కలగన్న కొత్త మంచు రాలడం చూడలేకపోవచ్చు. అమ్మాయి పరీక్షల తేదీలు చూసుకోవాలి. తిరుగు ప్రయాణంలో నాగపూర్ దగ్గర నుంచే ఎండ మొదలవుతుంది.

మూడోది జనవరిలోనే వెళ్లడం, రాత్రుళ్లు మాత్రం గదుల్లో ఉండడం. లేదా మీరూ అత్తగారూ నెల్లూరులో గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ చేరితే, ఆయన వ్యానులో వచ్చి అక్కడ కలుసుకోవడం. అత్తగారి ఒంటికి ఇది అన్నిటికంటే తేలిక. కానీ ఆయన ఒంటరిగా పొగమంచులో నడపడం నాకు ఇష్టం లేదు, తోడు డ్రైవరు ఉండాలి. "నేను కట్టించుకున్న బండిలో పడుకుని మంచు చూడాలి" అన్న ఆయన కోరిక ఇందులో సగమే తీరుతుంది. ఆ నిరాశను తక్కువగా చూడకండి. ఇంకో జాగ్రత్త: దామన్‌లో జరిగింది హోటలు గదిలోనే. గదిలోకి కుంపటి గానీ గ్యాసు హీటరు గానీ తెచ్చిస్తామంటే వద్దనండి.

ఏ దారైనా అత్తగారిని ముందు డాక్టరుకు చూపించండి. మనాలి ఎత్తు చాలామందికి ఇబ్బంది పెట్టదు. సొరంగం దాటితే మూడు వేల మీటర్లకు పైన ఉంటారు, అక్కడ గాలి పలచన, ఆయాసం ఉన్నవారికి కష్టం కావచ్చు. ఆవిడ పైకి వెళ్లవచ్చా, మనాలిలోనే ఆగాలా అన్నది డాక్టరు చెప్పాలి, కొడుకూ కోడలూ కాదు. రక్తపోటు మందులు రెండింతలు వెంట ఉంచుకోండి.

నన్ను అడిగితే నేను రెండో దారి పడతాను. కానీ మీ ఇంట్లో ఇరవై ఏళ్ల కాపలా వెనక ఉన్న కోరిక బరువు ఎంతో నాకంటే మీకే తెలుసు. జనవరే కావాలని ఆయన పట్టుబడితే, మీరు పూర్తిగా వద్దనవలసిన పని లేదు, నోరు మూసుకోవలసిన పనీ లేదు. మధ్యలో ఒక మాట ఉంది: "వస్తాను, ఇవి పూర్తయితే." లోపల మంట లేకపోవడం, అలారం, గాలి సందులు, ఆర్‌సీ, డాక్టరు మాట. ఈ ఐదూ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి. అప్పుడు ఆయన వాదించేది మీతో కాదు, ఆ కాగితంతో. పూర్తయినవి ఆయన చేత్తోనే కొట్టివేయనివ్వండి. మాట్లాడని అమ్మాయిని కూడా ఇందులోకి తీసుకోండి. ఆ రాత్రి వాంతి చేసుకున్నది తనే, తను ఏమనుకుందో ఎవరూ అడిగినట్టు లేదు.

మన ఊళ్లో చలిని పరీక్షించలేం. అందుకని డిసెంబరులో మళ్లీ లంబసింగి వెళ్లండి, అదే చోట, అదే నలుగురు. ఈసారి పొయ్యి వెలిగించకుండా, సందులు తెరిచి, కిటికీలకు షీట్లు పెట్టి పడుకోండి. చౌక ఉష్ణమాపకాలు రెండు కొని ఒకటి లోపల, ఒకటి బయట పెట్టండి. తేమ కూడా చూపించేవైతే ఇంకా మంచిది. రాత్రి పదింటికి, ఒంటిగంటకు, నాలుగింటికి అంకెలు అమ్మాయి చేత రాయించండి. నాలుగింటి అంకె పక్కన పైకప్పు తడిగా ఉందో పొడిగా ఉందో, ఎవరి తల ఎలా ఉందో కూడా రాయమనండి. హీటరుకు డబ్బు కట్టేముందు ఆ కాగితం నాకు పంపండి. చూసి, మీకు అది అవసరమో కాదో, అవసరమైతే ఎక్కడ బిగించాలో రాస్తాను.